సూర్యుని మచ్చలో మూడు నిమిషాల లయ

2024 మే రెండో వారంలో సూర్యబింబం మీద ఒక పెద్ద మచ్చల గుంపు కనిపించింది. ఖగోళశాస్త్రజ్ఞులు దానికి 13664 అనే సంఖ్య ఇచ్చారు. పదిహేను భూగోళాలను పక్కపక్కన పేర్చినంత పొడవున్న ఆ గుంపు, టెలిస్కోపు లేకుండా గ్రహణపు కళ్లద్దాలతో చూసినవారికి కూడా నల్లటి చుక్కలా కనిపించింది. మే 10, 11 తేదీలలో, అక్కడి విస్ఫోటనాల ఫలితంగా, సుమారు ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంత తీవ్రమైన అయస్కాంత తుఫాను భూమిని తాకింది. లద్దాఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబారింది.

అప్పటి నుంచి సూర్యుని మచ్చల గురించి చదివేవారికి ఐదు నిమిషాల డోలనాలు, మూడు నిమిషాల తరంగాలు అనే మాటలు తరచుగా ఎదురవుతున్నాయి. ఒకే మచ్చకు ఒకచోట ఐదు నిమిషాలు, మరొకచోట మూడు నిమిషాలు అని రాసి ఉంటే ఏది సరైనదో అర్థం కాదు. నిజానికి రెండూ సరైనవే. కింది నుంచి మచ్చలోకి వచ్చే లయ ప్రధానంగా ఐదు నిమిషాలది, మచ్చ నడుమ పైపొరలో కనిపించే లయ సుమారు మూడు నిమిషాలది. దారిలో ఏం జరిగిందన్నదే ఈ వ్యాసం విషయం.

మచ్చ నల్లగా ఎందుకు ఉంటుంది

మనం రోజూ చూసే సూర్యుని ఉపరితలాన్ని కాంతిమండలం అంటారు. దాని ఉష్ణోగ్రత సుమారు 5,800 కెల్విన్లు. దాని కింద వాయువు, పొయ్యి మీద మరిగే ఎసరులా కిందికీ పైకీ తిరుగుతూ లోపలి వేడిని పైకి మోసుకొస్తుంది. బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్నచోట ఈ తిరుగుడుకు అడ్డుకట్ట పడుతుంది. వేడి సరఫరా తగ్గిన ఆ చోటు సుమారు 4,000 కెల్విన్లకు చల్లబడి, చుట్టుపక్కల వెలుగు ముందు నల్లగా కనిపిస్తుంది. మచ్చ నడుమ ఉండే కారుచీకటి భాగాన్ని ప్రచ్ఛాయ అనీ, దాని చుట్టూ పూలరేకుల్లా పరచుకున్న చారల భాగాన్ని ఉపచ్ఛాయ అనీ అంటారు. ప్రచ్ఛాయలో అయస్కాంత బలరేఖలు దాదాపు నిలువుగా లేస్తాయి, ఉపచ్ఛాయలోకి వచ్చేసరికి బాగా వాలిపోతాయి. ఈ నిలువు, వాలుల తేడాను గుర్తుపెట్టుకోవాలి. తరువాతి కథంతా దాని మీదే నడుస్తుంది.

మచ్చలలో అయస్కాంత క్షేత్రం ఉందని 1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో జార్జ్ ఎలరీ హేల్ కాంతిని రంగులుగా విడదీసినప్పుడు కనిపించే సన్నని వర్ణపట రేఖల చీలికను బట్టి కనిపెట్టాడు. మరుసటి ఏడాది జనవరిలో మన దక్షిణాదిలోనే, కొడైకెనాల్ వేధశాలలో జాన్ ఎవర్‌షెడ్ ఉపచ్ఛాయలో వాయువు మచ్చ నడుమ నుంచి బయటికి ప్రవహిస్తోందని గుర్తించాడు. ఆ ప్రవాహం ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలవబడుతోంది.

క్షేత్రం ఎంత బలమైనదో ఒక లెక్కతో చూద్దాం. పెద్ద మచ్చ ప్రచ్ఛాయలో క్షేత్రం సుమారు 3,000 గాస్ ఉంటుంది (గాస్ అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం). వాయువులాగే అయస్కాంత క్షేత్రం కూడా చుట్టూ ఉన్నవాటిని నెడుతుంది. 3,000 గాస్ క్షేత్రపు పీడనం సుమారు 36,000 పాస్కల్‌లు, అంటే మనం పీల్చే గాలి పీడనంలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ. మచ్చ బయట కాంతిమండలంలో వాయు పీడనం దాదాపు 10,000 పాస్కల్‌లు మాత్రమే. అంటే ఆ ఎత్తులో మచ్చను ఆ ఎత్తు వాయువు ఒక్కటే నిలువరించలేదు. మచ్చలో మనకు కనిపించే ఉపరితలం చుట్టుపక్కల కంటే కొన్ని వందల కిలోమీటర్లు లోతుకు దిగిపోయి ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. మచ్చ సూర్యుని ఒంటి మీద ఒక లోతు తక్కువ పళ్లెం అనుకోవచ్చు.

ఐదు నిమిషాల లయ ఎక్కడిది

1960ల ఆరంభంలో రాబర్ట్ లేటన్, ఆయన సహచరులు సూర్యుని ఉపరితలంలో ఒక్కో భాగం సుమారు ఐదు నిమిషాలకు ఒకసారి పైకి లేచి కిందికి దిగుతోందని కొలిచారు. ఈ కదలికను డోప్లర్ ప్రభావంతో పట్టుకుంటారు. వాయువు మనవైపు వస్తే కాంతి రేఖ నీలివైపు, దూరమైతే ఎరుపువైపు జరుగుతుంది. మొదట ఇది ఉపరితలానికే పరిమితమైన కదలిక అనుకున్నారు. సూర్యుని లోపల చిక్కుకున్న ధ్వని తరంగాలే దీనికి మూలమని 1970లో రోజర్ ఉల్రిచ్ ప్రతిపాదించగా, 1975లో ఫ్రాంజ్ డ్యూబ్నర్ పరిశీలనలు దాన్ని నిర్ధారించాయి. మరిగే వాయువు చేసే రొదలో కొన్ని స్వరాలు మాత్రమే సూర్యగోళంలో నిలబడతాయి, వాటిలో అతి బలమైనవి ఐదు నిమిషాల దగ్గర ఉంటాయి. మచ్చ పాదాన్ని కింద నుంచీ పక్కల నుంచీ తడుతున్నది ఈ ధ్వనే.

చీకటిలో మెరుపు

1969లో జాక్ బెకర్స్, పాల్ టాలంట్ అనే ఇద్దరు పరిశోధకులు కాల్షియం రేఖల కాంతిలో ఒక మచ్చను వరుస ఛాయాచిత్రాలుగా తీసి చూశారు. కాల్షియం పరమాణువు పీల్చే ఆ ఊదారంగు కాంతిలో మనకు కాంతిమండలం కాక, దాని పైన ఉండే వర్ణమండలం కనిపిస్తుంది. ప్రచ్ఛాయ చీకటిలో రెండు మూడు వేల కిలోమీటర్ల వెడల్పున్న ఒక చుక్క ఉన్నట్టుండి మెరిసింది. దాని ఆయుష్షు యాభై సెకన్లు. మెరుస్తూనే అది ఉపచ్ఛాయవైపు జరిగి మాసిపోయింది. సుమారు 145 సెకన్లు గడిచాక అదే ప్రాంతంలో మళ్లీ మెరిసింది. వీటికి ప్రచ్ఛాయ మెరుపులని పేరు పెట్టారు. మచ్చల డోలనాల అధ్యయనం వీటితోనే మొదలైంది.

ఈ కాల్షియం రేఖకూ తెలుగునేలకూ ఒక అనుబంధం ఉంది. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పు, నక్షత్రాల కాల్షియం రేఖ మధ్యలోని మెరుపు వెడల్పును బట్టి వాటి అసలు ప్రకాశాన్ని చెప్పవచ్చని ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో చూపాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లోని అతినీలలోహిత టెలిస్కోపు చూసే కాంతులలో కాల్షియం రేఖ కూడా ఒకటి. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో పగలూ రాత్రీ తేడా లేకుండా సూర్యుణ్ణి చూడగలగడం ఇలాంటి లయలను పట్టుకోవడానికి పెద్ద వరం, ఎందుకంటే మధ్యలో తెగిన పాట తాళం కట్టడం కష్టం.

అయస్కాంత క్షేత్రంలో తరంగం తీరు

గాలిలో ధ్వని అన్ని దిక్కులకూ ఒకే తీరుగా పోతుంది, ఎందుకంటే వెనక్కి నెట్టేది వాయు పీడనం ఒక్కటే. మచ్చలో అయస్కాంత క్షేత్రం కూడా నెడుతుంది, పైగా బిగించిన తీగలా లాగుతుంది. అందువల్ల అక్కడ మూడు రకాల తరంగాలు సాధ్యమవుతాయి. వీణ తీగను పక్కకు లాగి వదిలితే అల తీగ వెంట పోయినట్టు, వాయువును నొక్కకుండా బలరేఖల వెంట పోయేది ఆల్వెన్ తరంగం. స్వీడన్ శాస్త్రజ్ఞుడు హానెస్ ఆల్వెన్ 1942లో దీన్ని ఊహించాడు, 1970లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మిగిలిన రెండూ వాయువును నొక్కుతూ పోయేవి. వీటిలో వేగంగా పోయేది బలరేఖలను అడ్డంగా కూడా దాటగలదు. బలమైన క్షేత్రంలో నెమ్మదిగా పోయేది, గొట్టంలో ఊదిన శబ్దంలా, బలరేఖల వెంటే ధ్వని వేగంతో నడుస్తుంది. మన మూడు నిమిషాల లయ ప్రధానంగా ఈ నెమ్మది తరంగానిదే.

ఎవరి మాట చెల్లుతుందన్నది ఎత్తును బట్టి మారుతుంది. లోతులో వాయు పీడనానిదే పైచేయి కాబట్టి వాయువు ఎటు పోతే బలరేఖలు అటు పోతాయి. పైకి పోయేకొద్దీ వాయువు చాలా త్వరగా పలచబడుతుంది, క్షేత్రం అంత త్వరగా తగ్గదు, దాంతో పెత్తనం చేతులు మారుతుంది. ఈ పెత్తనాల సరిహద్దు దగ్గరికి వచ్చిన తరంగం అదే రూపంలో దాటదు. కొంత భాగం మరో రకం తరంగంగా మారిపోతుంది. ఈ రూపాంతరం గణితంలో తేలికగా లొంగేది కాదు, మచ్చల విషయంలో తలెత్తిన అభిప్రాయభేదాలలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ఐదును ఆపి మూడును వదిలే జల్లెడ

స్టేషనులో ఆగిన గూడ్సు బండిని తలచుకోండి. ఇంజను మెల్లగా నెడితే బండి మొత్తం ఒక్కటిగా కదులుతుంది, పెట్టె నుంచి పెట్టెకు ఏ సందేశమూ పోదు. ఒక్క కుదుపు ఇస్తే ధడేల్ ధడేల్ మంటూ ఆ కుదుపు చివరి పెట్టె దాకా పరుగెత్తుతుంది. సూర్యుని వాతావరణం కూడా ఇంచుమించు ఇలాగే ప్రవర్తిస్తుంది. గురుత్వాకర్షణ వల్ల పొరలు పొరలుగా పలచబడిన వాయువును కింద నుంచి నెమ్మదిగా ఊపితే ఆ స్తంభమంతా కలిసి పైకీ కిందికీ ఊగుతుంది, శక్తి పైకి పోదు. త్వరగా ఊపితేనే నొక్కుడు పైకి ప్రయాణిస్తుంది. ఈ రెండింటి మధ్య హద్దుకు, పరీక్షల మార్కులలో మనకు అలవాటైన కటాఫ్ అనే మాటే వాడతారు.

హద్దు ఎక్కడుందో లెక్క కట్టవచ్చు. వాయువు స్వభావాన్ని చెప్పే 1.67 అనే సంఖ్యను సూర్యుని గురుత్వ త్వరణమైన 274తో గుణించి, ధ్వని వేగానికి రెట్టింపుతో భాగించాలి. కాంతిమండలం పై అంచున ధ్వని వేగం సెకనుకు సుమారు 7,000 మీటర్లు. అంటే 457ను 14,000తో భాగించగా 0.0326 వస్తుంది. ఒక పూర్తి డోలనానికి 6.28 రేడియన్లు కాబట్టి, 6.28ను దీనితో భాగిస్తే 193 సెకన్లు, అంటే మూడు నిమిషాల పదమూడు సెకన్లు. ప్రచ్ఛాయ మరింత చల్లన కనుక అక్కడ ధ్వని వేగం 6,000 మీటర్లకు దగ్గరగా ఉంటుంది, అప్పుడు హద్దు 165 సెకన్లకు దిగుతుంది. 300 సెకన్ల తరంగం ఈ పరీక్షలో తప్పుతుంది, 145 సెకన్లది గట్టెక్కుతుంది.

అయితే కింద మూడు నిమిషాల తరంగాలు చాలా బలహీనం కదా, పైకి వచ్చేసరికి అంత మెరుపు ఎలా వచ్చింది? ఈ వాతావరణంలో ప్రతి 107 కిలోమీటర్లకు సాంద్రత 2.7 రెట్లు తగ్గుతుంది. వెయ్యి కిలోమీటర్లు ఎక్కేసరికి అది సుమారు 11,000 రెట్లు పడిపోతుంది. తరంగం మోసే శక్తి దారిలో పెద్దగా పోకపోతే, మోయాల్సిన వాయువు పలచబడినకొద్దీ దాని ఊపు పెరగాలి. ఆ పెరుగుదల 11,000కు వర్గమూలం, అంటే దాదాపు నూరు రెట్లు. కింద సెకనుకు 50 మీటర్ల ఊపు పైన ఐదు కిలోమీటర్లు అవుతుంది, అది ధ్వని వేగానికి సమీపం. ఒడ్డుకు చేరిన సముద్రపు అల ముందుభాగం నిటారుగా లేచి విరిగినట్టు, తరంగం ఇక్కడ ఆఘాత తరంగంగా మారి వాయువును క్షణకాలం వేడెక్కిస్తుంది. బెకర్స్, టాలంట్ చూసిన మెరుపు అదే. డోప్లర్ కొలతలను గీస్తే రంపపు పళ్ల ఆకారం వస్తుంది: వాయువు ఒక్కసారిగా పైకి ఎగసి, నిదానంగా కిందికి జారుతుంది.

ఉపచ్ఛాయలో పరుగెత్తేది ఏది

1972లో హెరాల్డ్ జిరిన్, అలాన్ స్టైన్ ఒకవైపు, రొనాల్డ్ జియోవనెల్లి మరోవైపు, ప్రచ్ఛాయ అంచు నుంచి బయటికి ఉంగరాల్లా పరుగెత్తే అలలను గుర్తించారు. కోనేట్లో రాయి పడినప్పటి వలయాల్లా అవి ఉపచ్ఛాయ అంతటా విస్తరిస్తాయి. మొదట్లో వేగంగా పోయి, బయటికి పోయేకొద్దీ నెమ్మదిస్తాయి. వాటి కాలం కూడా మూడు నిమిషాల నుంచి ఐదుకు, ఆ పైకి పెరుగుతుంది. అవి నిజంగానే మచ్చ మీద అడ్డంగా ప్రయాణించే అలలని చాలాకాలం అనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు, కంటికి కనిపించేది అంతే.

తిరునాళ్లలో సీరియల్ దీపాలు చూస్తే వెలుగు తీగ వెంట పరుగెత్తినట్టు ఉంటుంది, కానీ ఏ బల్బూ కదలదు, ఒకదాని తరువాత ఒకటి వెలుగుతుంది. ఉపచ్ఛాయలో కూడా ఇదే జరుగుతోందని రెండో వాదం. కింద తరంగాలన్నీ ఒకేసారి బయలుదేరాయనుకుందాం. 1,500 కిలోమీటర్ల ఎత్తులో మనం చూస్తున్నాం. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలిన బలరేఖ వెంట ఆ ఎత్తుకు చేరాలంటే 1,732 కిలోమీటర్లు, 45 డిగ్రీలైతే 2,121, 60 డిగ్రీలైతే 3,000 కిలోమీటర్లు నడవాలి. ధ్వని వేగం 8 కిలోమీటర్లు అనుకుంటే మొదటిదాని కంటే రెండోది 49 సెకన్లు, రెండోదాని కంటే మూడోది 110 సెకన్లు ఆలస్యంగా చేరతాయి. ఈ రేఖల పాదాలు వెయ్యి కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయనుకుంటే, పైన అవి కనిపించే చోట్ల మధ్య ఎడం మొదట సుమారు 1,630 కిలోమీటర్లు, తరువాత 2,100 అవుతుంది. అంటే చూసేవారికి అల మొదట సెకనుకు 34 కిలోమీటర్ల వేగంతో, ఆపైన 19 కిలోమీటర్ల వేగంతో బయటికి పోయినట్టు అనిపిస్తుంది. నిజంగా 8 కిలోమీటర్లకు మించి ఏదీ పోలేదు, అడ్డంగా పరుగెత్తినదీ ఏదీ లేదు. అయినా వేగం బయటికి పోయేకొద్దీ తగ్గడమనే పరిశీలన ఈ చిన్న లెక్కలోనే బయటపడింది.

కాలం పెరగడానికి కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. బలరేఖ వాలితే, దాని వెంట జారే వాయువుకు గురుత్వంలో కొంత భాగమే తగులుతుంది. వాలుబల్ల మీద బరువు తగ్గినట్టు అనిపించడం లాంటిదే ఇది. 60 డిగ్రీలు వాలితే గురుత్వం సగమవుతుంది, మన 193 సెకన్ల హద్దు 386కు పెరుగుతుంది. 50 డిగ్రీల వాలు దగ్గరే హద్దు 300 సెకన్లకు చేరుతుంది కాబట్టి, అక్కడి నుంచి ఐదు నిమిషాల తరంగాలకు తలుపు తెరుచుకుంటుంది. అందుకే మచ్చ నడుమ మూడు నిమిషాల లయ, అంచుల్లో ఐదు నిమిషాల లయ కనిపిస్తాయి. ఎత్తులు మార్చి చేసిన పరిశీలనలు ఈ రెండో వాదానికే ఎక్కువగా మద్దతు ఇస్తున్నాయి. ఒకే సిద్ధాంతం వేగాన్నీ కాలాన్నీ రెండింటినీ వివరించడం నాకు దాని అతి పెద్ద బలంగా కనిపిస్తుంది.

జల్లెడా, బిందెనా

మూడు నిమిషాల లయకు జల్లెడ ఒక్కటే చాలునా అన్నది మాత్రం ఇంకా తేలని చర్చ. కుళాయి కింద బిందె నిండుతున్నప్పుడు నీటి రొదలో ఒక స్వరం తేలి వినిపిస్తుంది. బిందెలోని గాలి తనకు సరిపడే స్వరాన్ని ఎంచుకుని పెంచుతుంది. దీన్ని అనునాదం అంటారు. వర్ణమండలం కూడా అలాంటి బిందె అనేది ఒక పక్షం. పైన ఉష్ణోగ్రత కొద్ది దూరంలోనే లక్షల కెల్విన్లకు ఎగబాకే పొర ఒక మూత, కింద ఉష్ణోగ్రత కనిష్ఠమయ్యే చోటు అడుగు. ఈ రెండింటి మధ్య తరంగాలు తిరిగి తిరిగి ప్రతిఫలిస్తూ మూడు నిమిషాల స్వరాన్ని పెంచుతాయని ఝుగ్‌ఝ్దా వంటివారు 1980ల నుంచి వాదిస్తూ వచ్చారు. మూత అక్కర్లేదనీ, ఏ తాడనమైనా తగిలినప్పుడు ఈ వాతావరణం తన కటాఫ్ లయలోనే మోగుతుందనీ 1991లో బెర్న్‌హార్డ్ ఫ్లెక్, ఎఫ్. ష్మిట్జ్ చూపారు.

తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. బిందెలో లాగా నిలకడ తరంగాలైతే వేర్వేరు ఎత్తులు దాదాపు ఒకేసారి ఊగాలి. జల్లెడ దాటి పైకి పోయే తరంగాలైతే పై పొర కింది పొర కంటే ఆలస్యంగా ఊగాలి. కాంతిమండలానికీ వర్ణమండలానికీ మధ్య ఆలస్యం స్పష్టంగా కొలవబడింది, కనుక పైకి ప్రయాణం నిజమే. అయితే చిల్లు పడిన బిందె కూడా మోగుతుంది. 2020లో బెల్‌ఫాస్ట్‌కు చెందిన డేవిడ్ జెస్ బృందం హీలియం రేఖలో ఒక మచ్చను పరిశీలించి, దాని డోలనాల వర్ణపటంలో అనునాదపు గుర్తు దొరికిందని ప్రకటించింది. ఆ గుర్తు అనునాదానికి మాత్రమే చెందినది కాకపోవచ్చని విమర్శ వచ్చింది, దానికి ఆ బృందం సమాధానమూ ఇచ్చింది. కటాఫ్ లేకుండా కథ చెప్పడం కుదరదనీ, బిందె ఉంటే అది ఆ కథకు తుదిమెరుగులు దిద్దుతుందనీ ఇప్పటి సాక్ష్యాలను బట్టి నాకు అనిపిస్తోంది. హవాయిలో నాలుగు మీటర్ల అద్దంతో పనిచేస్తున్న డానియల్ ఇనోయె సౌర టెలిస్కోపు వంటివి ఒకే క్షణంలో అనేక ఎత్తులను చూడగలిగితే ఈ అభిప్రాయం మారవచ్చు.

పది లక్షల కెల్విన్లు దాటే సూర్యుని బయటి వాతావరణమైన కరోనాను ఈ తరంగాలే వేడెక్కిస్తున్నాయా అని చాలామంది అడుగుతారు. మచ్చల పైన లేచే కరోనా వింజామరల్లో మూడు నిమిషాల అలలు కనిపిస్తాయన్నది నిజం. కానీ మచ్చలున్న ప్రాంతపు కరోనాకు ప్రతి చదరపు మీటరుకూ సుమారు 10,000 వాట్లు కావాలి. అక్కడికి చేరిన నెమ్మది తరంగాలు మోసే శక్తి దానిలో అతి స్వల్ప భాగం. ఆల్వెన్ తరంగాలు మరింత మోయగలవు, అయితే వాయువును నొక్కవు కనుక వెలుగులో మార్పుగా కనిపించవు, వాటిని కొలవడమే కష్టం.

మచ్చ కింద ఏముంది

1980ల చివర డగ్లస్ బ్రౌన్, థామస్ డువాల్, బారీ లబాంట్ ఒక మచ్చవైపు వచ్చే ధ్వనినీ, దాని నుంచి బయటికి పోయే ధ్వనినీ విడివిడిగా కొలిచారు. కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గర వచ్చినదానిలో దాదాపు సగం తిరిగి పోలేదు. ఆ సగం ఏమైందన్న ప్రశ్నకు, బలరేఖల వెంట పైకీ లోతుకూ పోయే వేరే రకం తరంగంగా మారిపోయిందనేదే నేటికి బలమైన సమాధానం.

డాక్టరు అల్ట్రాసౌండ్‌తో కడుపులోకి చూసినట్టు, ఈ ధ్వనితోనే మచ్చ అడుగును చూడాలని సూర్యకంపన శాస్త్రజ్ఞుల ఆశ. తరంగం ఎంత త్వరగా వచ్చిందో చూసి, దారిలో వాయువు వేడిదో చల్లనిదో, క్షేత్రం లోతుగా ఒకే కాండంలా దిగిందో, విడివిడి వేర్లుగా చీలిందో చెప్పాలి. 2002 జనవరిలో కనిపించిన 9787 సంఖ్య గల మచ్చ దీనికి చక్కగా కుదిరింది. అది గుండ్రంగా, చాలా రోజులు నిలకడగా ఉంది. ఒకే మచ్చను, ఒకే రోజుల కొలతలతో, వేర్వేరు పద్ధతులలో విశ్లేషించి 2009లో ఫలితాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఉపరితలం కింద తరంగ వేగం పెరిగిందని ఒక పద్ధతి, తగ్గిందని మరొకటి చెప్పాయి. రెండు పద్ధతులూ తరంగం మచ్చలోకి వెళ్లిన రూపంలోనే బయటికి వచ్చిందని అనుకున్నాయి. వేగంలో తేడాగా లెక్కకట్టిన సమయంలో కొంత, తరంగం రూపం మార్చుకోవడానికి పట్టిన సమయం కావచ్చు. అందుకే ఇటీవలి పరిశోధనలు ముందు కంప్యూటరులో ఒక మచ్చను కట్టి, దానిలోకి తరంగాలను పంపి, ఎంత ఆలస్యం రూపాంతరం వల్ల వస్తోందో, ఎంత వేడి తేడా వల్ల వస్తోందో విడదీయడం దగ్గర నుంచి మొదలుపెడుతున్నాయి.